చక్రాల కుర్చీకి బ్యాటరీయే ప్రాణము
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను ఉర్దూ మీడియం మాస్టరును. పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్పేవాడిని. తెలుగులో రాసుకొని వచ్చి చదవడం నాకు అలవాటు తక్కువ. తప్పులు దొర్లితే మన్నించమని ముందే మనవి చేసుకుంటున్నాను. ఇంతకు ముందు మాట్లాడిన పెద్దలు విద్య గురించి, వరకట్నము గురించి ఎంతో విలువైన మాటలు చెప్పినారు. నేను బ్యాటరీ గురించి మాట్లాడతానంటే సెక్రటరీ గారు నవ్వి, "ఏం మాస్టరూ, ఇన్వర్టర్ షాపు పెడుతున్నారా?" అన్నారు. లేదు. ఒక తప్పు ఒప్పుకోవడానికి వచ్చినాను. ఆ తప్పులో నాకు భాగముంది, ఈ సభలో చాలామందికి కూడా ఉంది.

మన మొహల్లాలో ఒక భాయి ఉన్నాడు. పేరు చెప్పను, సభలో పేరెత్తడం ఆయనకు ఇష్టముండదు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పోయినాయి. ఇంట్లోనే మిషను మీద బట్టలు కుట్టి భార్యాబిడ్డలను సాకుతున్నాడు. కొన్నాళ్ల క్రితం కొందరు దాతలు కలిసి ఆయనకు బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ ఇప్పించినారు. షామియానా వేసినారు, పూలదండలు వేసినారు, ఫోటోలు తీసినారు. ఆ ఫోటోలో నేను కూడా ఉన్నాను. వెనుక వరుసలో నవ్వుతూ నిలబడి ఉన్నాను.

మొదటి నెలలు చూడాలి ఆయన సంతోషము! ముప్పై ఏళ్ల తరువాత ఒకరి వీపు ఎక్కకుండా, ఒకరి చెయ్యి అడగకుండా జుమా నమాజుకు వచ్చినాడు. కూతురిని బడి దాకా తానే దిగబెట్టినాడు. కుట్టిన బట్టలు బజారుకు తానే తీసుకుపోయినాడు. ఎనిమిది నెలలు గడిచినాయి. ఒక జుమా కనపడలేదు, రెండో జుమా కనపడలేదు. జ్వరమేమో అనుకున్నాము. నెల దాటినాక ఇంటికి పోయి చూస్తినే, వసారాలో రేకుల కింద కుర్చీ ఉంది. దాని మీద పరుపులు మడిచి పెట్టినారు.

"ఏమైంది భాయీ?" అని అడిగినాను.

"బ్యాటరీలు పోయినాయి సార్. కొత్తవి వేయించాలంటే నా మూడు నెలల సంపాదన కావాలంట."

"ఛార్జింగ్ ఎట్లా పెడుతుంటివి?"

"పూర్తిగా అయిపోయినాకనే పెడుతుంటిని సార్. సగంలో పెడితే బ్యాటరీ పాడవుతుందని ఎవరో చెప్పినారు. కరెంటు బిల్లుకు భయపడి రెండు గంటలు పెట్టి తీసేస్తుంటిమి."

లోపలి నుంచి ఆయన భార్య ఒక మాట అన్నది: "అన్నా, బండి ఇచ్చినారు, బండి సంగతి ఎవురూ చెప్పలేదు."

ఆ మాట విని నేను తల వంచుకున్నాను. సైన్సు మాస్టరును. ఫోటోకు నిలబడడానికి నాకు తీరిక దొరికింది. పది నిమిషాలు కూర్చొని ఆయనకు చెప్పడానికి దొరకలేదు. ఆ రోజు చెప్పవలసినవి ఈ రోజు చెబుతున్నాను. కర్నూలులో గాని, కడపలో గాని మీ ఇంట్లో, మీ బంధువుల ఇంట్లో బ్యాటరీ కుర్చీ గాని, బ్యాటరీ మూడు చక్రాల బండి గాని ఉంటే దయచేసి శ్రద్ధగా వినండి.

ఈ బండ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ముందు రెండు మాటలు. వికలాంగులకు ఉపకరణాలు తయారు చేయడానికి కేంద్ర ప్రభుత్వము 1972లో కాన్పూరులో అలిమ్‌కో అనే సంస్థను స్థాపించింది. 1981 నుంచి అడిప్ అనే పథకము కింద అర్హులకు ఉపకరణాలు ఇస్తున్నారు. తీవ్రమైన వైకల్యము ఉన్నవారికి బ్యాటరీ మూడు చక్రాల బండ్లు ఈ దారిలోనే వస్తున్నాయి. కొన్ని దాతల ద్వారా వస్తాయి, కొన్ని సొంత డబ్బుతో కొంటారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చి 27న పోలియో లేని దేశమని ధ్రువీకరణ వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. కాని అంతకు ముందు కాళ్లు పోయినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. చేతులతో తొక్కే బండి తొక్కి తొక్కి నలభై, యాభై ఏళ్లకు వాళ్ల భుజాలు అరిగిపోతాయి. వాళ్లకు బ్యాటరీ బండి షోకు కాదు, అవసరము.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. ఎక్కువ కుర్చీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. రెండింటినీ వరుసగా కలిపితే 24 వోల్టులు. లోపల సీసపు పలకలు, గంధకామ్లము ఉంటాయి. ఫ్రాన్సులో ప్లాంటే అనే ఆయన 1859లో కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ నడుస్తోంది. బండి నడిచేటప్పుడు ఆమ్లము పలకలతో కలిసి సీసపు సల్ఫేటు అనే తెల్లటి పదార్థము పలకల మీద పేరుకుంటుంది. ఛార్జి పెడితే అది మళ్లీ కరిగి మొదటి స్థితికి వస్తుంది. కాని ఖాళీ బ్యాటరీని రోజుల తరబడి అట్లాగే వదిలితే ఆ సల్ఫేటు గట్టిపడి స్ఫటికాలవుతుంది. అన్నము తిన్న వెంటనే గిన్నె కడిగితే చేత్తో పోతుంది, నాలుగు రోజులు ఎండనిస్తే పీచు పెట్టి తోమినా పోదు. ఇదీ అంతే. మన భాయి బ్యాటరీలు చచ్చింది ఈ జబ్బుతోనే.

కాబట్టి మొదటి నియమము: బండి నడిపిన ప్రతి రోజూ ఛార్జింగ్ పెట్టాలి. కొంచెమే నడిపినా పెట్టాలి. "పూర్తిగా అయిపోనీ, అప్పుడు పెడదాం" అనేది ఈ బ్యాటరీకి విషము. సగం దాకా వాడి మళ్లీ నింపుతూ పోతే ఎన్నిసార్లు పనిచేస్తుందో, ప్రతిసారీ అడుగంటా వాడితే సుమారు అందులో సగము సార్లే పనిచేస్తుంది. మీటరులో సగము కనిపించిందంటే ఇంటి దారి పట్టండి.

రెండో నియమము: పెడితే పూర్తిగా నిండనివ్వాలి. ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. మొదటి కొన్ని గంటలలో చాలా భాగము ఎక్కుతుంది. చివరి భాగము మెల్లగా ఎక్కుతుంది, పలకల మీది సల్ఫేటు పూర్తిగా కరిగేది ఆ చివరిలోనే. రెండు గంటలకు తీసేస్తే రోజూ కొంత సల్ఫేటు మిగిలిపోతుంది. గుర్తుండడానికి మా పిల్లలకు చెప్పినట్టే చెబుతాను: ఇషా తరువాత పెట్టు, ఫజరుకు తీయి. ఛార్జరులో పచ్చదీపము వెలిగిందో లేదో చూసి తీయండి.

కరెంటు బిల్లు అంటారా? లెక్క చూద్దాము. 24 వోల్టులు, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీలు అనుకోండి. 24ను 40తో గుణిస్తే 960 వాట్ అవర్లు. అంటే ఒక యూనిట్‌కు కొంచెము తక్కువ. ఛార్జింగులో వృథా అయ్యేది కలుపుకున్నా, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీలకు ఒకటిన్నర యూనిట్ లోపే. సగము ఖాళీ అయితే ఒక యూనిట్ కూడా కాదు. 75 వాట్ల ఫ్యాను పదమూడు గంటలు తిరిగితే ఒక యూనిట్ అవుతుంది. ఒక మనిషి బయటి ప్రపంచము చూసి రావడానికి ఖర్చు ఒక ఫ్యాను ఖర్చు. ఆ భాయి ఇంట్లో రోజుకు కొద్ది రూపాయలు మిగిల్చబోయి వేల రూపాయల బ్యాటరీలు పోగొట్టుకున్నారు. తప్పు వాళ్లది కాదు, లెక్క చెప్పనివాళ్లది.

మూడో నియమము మన సీమకు ముఖ్యమైనది: ఎండ. బ్యాటరీకి మంచి వేడి 25 డిగ్రీలు. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకు దాని ఆయుష్షు సుమారు సగము తగ్గుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. రేకుల షెడ్డు కింద ఇంకెంత ఉంటుందో మీకే తెలుసు. ఓర్వకల్లు, గని వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, 2017లో పూర్తి అయింది. దేశానికి కరెంటు ఇచ్చే ఆ ఎండే మన వసారాలో బ్యాటరీని తినేస్తోంది. బండిని గదిలో, కడప బండల మీద, గాలి ఆడే చోట పెట్టండి. బండ మీద పెడితే ఛార్జి దిగిపోతుందని కొందరంటారు. ఇప్పటి బ్యాటరీల పెట్టె ప్లాస్టిక్‌ది, అట్లాంటి భయము లేదు. చల్లటి బండ మేలే చేస్తుంది. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టకుండా గంటసేపు చల్లారనివ్వండి. వేడి ఎక్కువున్నప్పుడు ఛార్జింగ్ వోల్టేజి కొంచెము తగ్గాలి, మామూలు ఛార్జర్లకు ఆ తెలివి ఉండదు. రాత్రి పెట్టమనడానికి ఇది ఇంకో కారణము.

నాలుగు: బండితో వచ్చిన ఛార్జరే వాడాలి. అది పాడైతే అదే వోల్టేజి, అదే రకము బ్యాటరీకి సరిపోయేది తెచ్చుకోవాలి. మెకానిక్ షాపులో కారు బ్యాటరీకి పెట్టే పెద్ద ఛార్జరుతో "అరగంటలో నింపేస్తా" అంటే ఒప్పుకోకండి. అట్లాగే తక్కువ ధరకు వస్తుందని కారు బ్యాటరీ కొని కుర్చీకి వేయకండి. కారు బ్యాటరీ బండి స్టార్టు చేయడానికి రెండు సెకన్లు బలంగా కరెంటు ఇచ్చేందుకు చేసినది. కుర్చీకి గంటల తరబడి మెల్లగా ఇచ్చే బ్యాటరీ కావాలి. పరుగు పందెం గుర్రాన్ని నాగలికి కట్టినట్టవుతుంది.

ఐదు: నీళ్లు. ఎక్కువ కుర్చీలలో మూసిన బ్యాటరీలు ఉంటాయి. వాటి మూత తెరవకూడదు, నీళ్లు పోయకూడదు. మూతలు తిప్పి తెరిచే రకమైతే మాత్రము నెలకొకసారి చూసి, పలకలు మునిగేటట్టు డిస్టిల్డ్ వాటరే పోయాలి, అదీ ఛార్జింగ్ అయిన తరువాత. మన బోరు నీళ్లు పప్పునే ఉడకనియ్యవు, ఆ ఉప్పు బ్యాటరీలోకి పోతే పలకలు చెడిపోతాయి. ఆమ్లము మాత్రము ఇంట్లో ఎప్పుడూ పోయకండి. చర్మము మీద గాని, కంట్లో గాని పడితే వెంటనే చాలాసేపు ధారగా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి.

ఆరు: ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు రావచ్చు. అది మండే వాయువు. కాబట్టి పక్కన పొయ్యి, బీడీ, ఊదు, అగరుబత్తి ఉండకూడదు. కిటికీ తెరిచి ఉంచండి. కుర్చీ మీద దుప్పట్లు కప్పకండి. తీగలు లాగి లాగి తెగినవి, టేపు చుట్టినవి వాడకండి.

ఏడు: బ్యాటరీ కొనల దగ్గర తెల్లగా, పచ్చగా పొడి పడితే కరెంటు సరిగా పారదు. ఛార్జరు తీసి, స్విచ్చి ఆపి, ముందు మైనస్ తీగ విప్పి, తడి గుడ్డను తినే సోడా నీళ్లలో ముంచి తుడిచి, ఆరబెట్టి, బిగించి, కొంచెము వ్యాజిలీన్ పూయాలి. ఈ పని చేసేవాళ్లు ఉంగరాలు, గాజులు తీసేయాలి. స్పానర్ రెండు కొనలకూ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. చేతకాకపోతే ఇన్వర్టర్ మెకానిక్‌ను పిలవండి.

ఎనిమిది: పెళ్లికి ఊరికి పోయినా, జబ్బు పడి నెల రోజులు మంచము దిగకపోయినా, బ్యాటరీ మాత్రము ఊరికే ఉండదు, తనంతట తాను దిగిపోతుంటుంది. పోయే ముందు నిండుగా ఛార్జి చేసి పోండి. వాడకపోయినా నెలకు ఒకసారైనా నింపండి.

తొమ్మిది: మార్చేటప్పుడు రెండింటినీ కలిపే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. పాతవి షాపులో ఇచ్చేయండి, వాటికి ధర కూడా తగ్గిస్తారు. బ్యాటరీ వ్యర్థాల మీద కేంద్రము 2022లో నియమాలు తెచ్చింది. సీసము పిల్లల మెదడును దెబ్బతీసే విషము. ఇంటి ముందు పగలగొట్టి సీసము కరిగించడము ఎవరూ చేయకూడదు.

ఇప్పుడు కొన్ని కొత్త బండ్లలో లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. అవి తేలిక, ఎక్కువ ఏళ్లు వస్తాయి. వాటికి నేను చెప్పిన రోగము లేదు, రోజూ అంచుల దాకా నింపవలసిన పని కూడా లేదు. కాని వాటి ఛార్జరు వేరు. సీసపు బ్యాటరీ ఛార్జరు దానికి పెట్టకూడదు. ఉబ్బినా, దెబ్బ తగిలినా, తడిసినా వాడకుండా, ఇంటి బయట పెట్టి మెకానిక్‌కు చూపించాలి. హజ్, ఉమ్రాలకు బ్యాటరీ కుర్చీతో పోయేవారు తమ బ్యాటరీ ఏ రకమో టికెట్టు కొనేటప్పుడే ఎయిర్‌లైన్స్ వారికి చెప్పి ఒప్పందము చేసుకోవాలి. లిథియానికీ, మూసిన సీసపు బ్యాటరీకీ విమానంలో నియమాలు వేరు.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది ఇంటివారు చేసుకోవలసిన పని. ఇక సొసైటీ చేయవలసినది నాలుగు మాటల్లో చెప్పి ముగిస్తాను.

మొదటిది, ఏ ఉపకరణము ఇచ్చినా దానితో పాటు అరగంట పాఠము ఇవ్వాలి. ఆ మనిషికి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, ఉర్దూలోనో తెలుగులోనో చెప్పి, ఒక కాగితము రాసి గోడకు అంటించాలి. దండ వేయడానికి ముందు ఈ పని జరగాలి.

రెండవది, బ్యాటరీ నిధి. బ్యాటరీ ఎంత జాగ్రత్తగా వాడినా ఒకరోజు పోయేదే. ఉదాహరణకు రెండు బ్యాటరీలకు 12,000 రూపాయలు అనుకుందాము, రెండేళ్లు వచ్చినాయనుకుందాము. 12,000ను 24 నెలలతో భాగిస్తే నెలకు 500. కుర్చీ ఇచ్చిన రోజు నుంచే ఒక్కొక్క కుర్చీ పేర నెలకు అంత పక్కన పెడితే, బ్యాటరీ పోయిన రోజు ఎవరి గడపా తొక్కనక్కరలేదు. దీనికి జకాత్ సొమ్ము వాడవచ్చునా, ఎవరికి, ఏ విధంగా అన్నది ముఫ్తీ సాహెబులను అడిగి చేయాలి. అది మాస్టరు చెప్పే విషయము కాదు.

మూడవది, మన యువకులలో ఇద్దరికి వోల్టు మీటరు చూడడము నేర్పుదాము. నేనే నేర్పుతాను. ఛార్జింగ్ తీసి కొన్ని గంటలు ఊరకుంచిన తరువాత ఒక్కొక్క బ్యాటరీ 12.7 దగ్గర చూపితే నిండు, 12.2 దగ్గర ఉంటే సగము, 12కు దిగితే అడుగంటినట్టే. రెండింటికీ తేడా ఎక్కువుంటే ఏదో ఒకటి జబ్బుపడినట్టు. నెలకొకసారి ప్రతి కుర్చీ దగ్గరికి పోయి పుస్తకంలో రాసుకుంటే, బ్యాటరీ చచ్చే ముందే మనకు తెలుస్తుంది.

నాలుగవది, మసీదు కమిటీల వారికి విన్నపము. ఒక ర్యాంపు, దాని పక్కన ఒక ప్లగ్ పాయింటు. మసీదు కరెంటు అమానత్, ఎవరికి వారు వాడుకోకూడదన్న పట్టింపు మంచిదే. అందుకే కమిటీ తానే తీర్మానము చేసి అనుమతి ఇస్తే, దారిలో బ్యాటరీ దిగిపోయిన మనిషి సిగ్గుపడకుండా పెట్టుకుంటాడు. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ చూపు లేని సహాబీ. ఆయన విషయంలోనే సూరె అబస అవతరించింది. ఆయన మదీనాలో అజాన్ ఇచ్చినారు, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ ప్రయాణంలో ఉన్నప్పుడు మదీనా బాధ్యత కూడా చూసినారు. అట్లాంటి మనిషికి ముందు వరుసలో చోటిచ్చిన ఉమ్మత్ మనది. మెట్ల దగ్గరే ఒక మనిషి ఆగిపోవడము మనకు తగదు.

మన భాయి సంగతి చెప్పి ముగిస్తాను. నేను, మా బడిలో నలుగురు మాస్టర్లు కలిసి డబ్బు వేసుకొని బ్యాటరీలు రెండూ మార్పించినాము. పాతవి ఇన్వర్టర్ షాపులో పెట్టి చూస్తే ఒకటి పూర్తిగా చచ్చింది, రెండోది కొనప్రాణంతో ఉంది. కుర్చీ వసారాలో నుంచి లోపలి గదిలోకి వచ్చింది. ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఇప్పుడు ఆయన కూతురిది. ఐదో తరగతి చదువుతున్న ఆ అమ్మాయి క్యాలెండరులో రోజూ ఒక టిక్కు పెడుతుంది. మొన్న బడిలో నన్ను ఆపి, "సార్, నిన్న కరెంటు పోయింది, నాలుగు గంటలే ఎక్కింది. ఈ రోజు అబ్బాను దూరం పోవద్దన్నాను" అని చెప్పింది. నేను సభలో ఇంతసేపు చెప్పినది ఆ పాప రెండు మాటల్లో చెప్పింది.

దానము ఇచ్చిన రోజుతో తీరిపోదు. బావి తవ్వించినవాడు తాడు, బొక్కెన కూడా చూసుకుంటేనే ఊరి దాహము తీరుతుంది. సదఖయె జారియా అంటే సాగుతూ ఉండే దానము. చక్రము ఆగిపోతే దానమూ ఆగిపోతుంది. ఇప్పటికే ఇచ్చిన కుర్చీలు మన రెండు పట్టణాలలో ఎన్ని నడుస్తున్నాయి, ఎన్నింటి మీద పరుపులు ఉన్నాయి? వచ్చే సభ లోపల ఇంటింటికీ పోయి లెక్క రాసుకు వద్దాము. కొత్త కుర్చీ ఇచ్చే ముందు పాతవి నడిపిద్దాము.

అల్లాహ్ మన చిన్న పనులను కూడా స్వీకరించుగాక, ఆమీన్. వస్సలామ్.